ఆదరువు ఎవరిది? నంద్యాల, ఆళ్లగడ్డ సీమలో ఉత్సవం, శిల్పం, ఊరట: ఒక సమీక్ష

నంద్యాల జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. జిల్లా కొత్తదే గానీ అందులోకి వచ్చిన చోట్లు తరాల నాటివి. శ్రీశైలం, మహానంది, యాగంటి, అహోబిలం, ఊరూరా పీర్ల చావిళ్లు, ఆళ్లగడ్డకు చేరువలో ముత్యాలపాడు చర్చి, నల్లమల లోపల చెంచు గూడేలు. కష్టం వచ్చిన మనిషి పోయి తలదాచుకునే చోట్లు ఇంత దగ్గరదగ్గరగా ఉన్న సీమ తెలుగునాట అరుదు. కరువుకూ ఫ్యాక్షన్ కక్షలకూ పేరుపడ్డదీ ఈ సీమే.

ఈ ఉత్సవాలు, ఊరి నడుమ నిలబెట్టిన ఈ రాళ్లు, అందరూ కూడే ఈ సందర్భాలు మనుషులకు నిజంగా ఆసరా ఇస్తున్నాయా, లేక ఆ కాసేపు ఇచ్చినట్టు అనిపిస్తాయా అన్న వాదం చాలాకాలంగా సాగుతోంది. భక్తులది ఒక మాట, జానపద పరిశోధకులది ఇంకో మాట. హక్కుల ఉద్యమాలవాళ్లు, మానసిక వైద్యులు, కళావిమర్శకులు తలా ఒక కొలబద్ద పట్టుకుని వచ్చారు. ఒకరు కొలిచేది ఇంకొకరు కొలవడం లేదు కాబట్టే వాదం చిక్కుపడింది. ఆ చిక్కును పోగుపోగుగా విడదీయడం ఈ సమీక్ష పని.

కరువు రోజుల గంజి

చరిత్రలో వెనక్కి పోతే ఈ సీమలో ఆదరువు అన్న మాటకు మొదట కనిపించే రూపం గంజి కుండ. ఆళ్లగడ్డ పక్కనున్న ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డి 1866 నాటి కరువులో ఆకలితో వచ్చినవాళ్లకు తిండి పెట్టాడు. ఆయనకు విక్టోరియా రాణి పేర పతకం అందింది. అంతకంటే ఎక్కువ కాలం నిలిచింది పాట. ఊరూరా తిరిగి పాడుకునే గాయకులు ఆయన దానాన్ని పాటగా కట్టి రేనాడు అనే ఈ సీమంతా చాటారు. తంగిరాల వెంకట సుబ్బారావు 'రేనాటి సూర్యచంద్రులు'లో ఆయనను అదే ఊరివాడైన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పక్కన నిలిపారు. కుంఫిణీ పాలన మీద తిరగబడి 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరికంబమెక్కినవాడు ఒకరు, ఇరవై ఏళ్ల తర్వాత అన్నం పెట్టినవాడు మరొకరు. ఇద్దరినీ ఒకే సాలున పాడుకున్న జనానికి తిరుగుబాటూ ఆదరణా వేరువేరు విలువలుగా తోచలేదన్నమాట. ఈ సంగతికి ఇవ్వాల్సినంత విలువ మన చర్చల్లో దక్కలేదని నా అభిప్రాయం.

పదేళ్లకే ధాత కరువు వచ్చిపడింది. 1876 నుంచి 1878 దాకా సాగిన ఆ కరువు దాతల శక్తిని మించిపోయింది. 1871, 1881 జనగణనల మధ్య, అప్పటికి నంద్యాల ఉన్న కర్నూలు జిల్లా జనాభా దాదాపు నాలుగో వంతు తరిగిపోయింది. సర్కారు సహాయ పనులు పెట్టింది గానీ దాని ప్రతినిధి సర్ రిచర్డ్ టెంపుల్ 1877లో మగ కూలికి ఖరారు చేసిన రోజు వేతనం ఒక పౌను ధాన్యం, పైన ఒక అణా. రాళ్లు కొట్టి, మట్టి మోసే మనిషికి సుమారు 450 గ్రాముల గింజలు ఏ మూలకు? మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ దాన్ని గట్టిగా వ్యతిరేకించాడు. విలియం డిగ్బీ 1878లో వెలువరించిన కరువు చరిత్రలో ఆ వివాదమంతా ఉంది. ఆకలిగొన్నవాడికి ఎంత తిండి చాలు, దాన్ని ఎవరు తేల్చాలి అన్న ప్రశ్న ఈ నేల మీద ప్రభుత్వ స్థాయిలో ఎదురైంది అప్పుడే.

మూడో దారి మిషన్లది. ముత్యాలపాడు, నంద్యాల ఆంగ్లికన్ల ఎస్పీజీ మిషన్‌కు కేంద్రాలు. గుడి వాకిట్లోకి రానివ్వని మాల మాదిగలకు అక్కడ బడి దొరికింది, కూర్చోవడానికి బల్ల దొరికింది. నల్లమలకు అవతల ఒంగోలు ప్రాంతంలో బాప్టిస్టు మిషనరీ క్లౌ 1878 జూలై 3న ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చిన సంగతి ప్రసిద్ధమే. అన్నం కోసం మతం మారారని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటున్నారు. ఆ మాట అనేవాళ్లు ఒకటి మరిచిపోతున్నారు. కరువు తీరాక కూడా ఆ జనం వెనక్కి రాలేదు. అన్నంతోపాటు వాళ్లకు అక్కడ ఇంకేదో దొరికిందని, అది తమ ఊళ్లో దొరకలేదని ఒప్పుకోవాలి.

ఇలా పంతొమ్మిదో శతాబ్దం ముగిసేసరికే మూడు ఆదరువులు తయారయ్యాయి: దాతది, సర్కారుది, మతసంస్థది. ఇప్పటి వాదాలన్నీ వీటి కొమ్మలే.

పెళ్లికి పిలవడానికి వచ్చే దేవుడు

ఈ సీమలో అన్నిటికంటే పెద్ద సామూహిక సందర్భం అహోబిలం పారువేట. సంక్రాంతి వెళ్లాక కనుమ నాడు ఎగువ అహోబిలం జ్వాలా నరసింహుడి ఉత్సవమూర్తినీ దిగువ అహోబిలం ప్రహ్లాదవరదుడి మూర్తినీ ఒకే పల్లకీలో ఎక్కిస్తారు. ఆ పల్లకీ నలభై రోజులకు పైగా ఆళ్లగడ్డ, ఉయ్యాలవాడ, రుద్రవరం చుట్టుపక్కల ముప్పైకి పైచిలుకు ఊళ్లు తిరుగుతుంది. స్వామి తిరిగి కొండ చేరాక ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాలు. చెంచులక్ష్మితో తన పెళ్లికి ఊరూరా తిరిగి తానే పిలుస్తున్నాడని జనం నమ్మిక. బయల్దేరేటప్పుడు చెంచులు పల్లకీ మీదికి విల్లు ఎక్కుపెట్టి బాణం వేస్తారు. తమ పిల్లను చేసుకుంటున్నవాడి మీద అత్తింటివాళ్ల చనువు అది.

పల్లకీ వచ్చిన రోజే ఆ ఊరికి పెద్ద పండుగ. ఆడబిడ్డలు పుట్టింటికి వస్తారు. గోడలకు సున్నం, గడపకు పసుపు, ఇంట్లో అందరికీ కొత్తబట్టలు. పల్లకీని దించడానికి ఊరి నడుమ ఒక రాతి తిన్నె ఉంటుంది. మిగతా ఏడాదంతా అది పిల్లలు ఆడుకునే, ముసలివాళ్లు పొద్దుపుచ్చే అరుగే. దేవుడు దిగే చోటే ఊరివాళ్లు కూర్చునే చోటు కావడంలో ఒక ప్రజాకళ ఉంది. ఎవరూ దాన్ని కళ అని పిలవకపోవడమే దాని బలం. ఓబులేసు, ఓబులమ్మ, నరసింహులు అన్న పేర్లు ఇక్కడ ఇంటింటా వినిపిస్తాయంటే అది కొండ మీది దేవుడికీ చేనిగట్టు మీది మనిషికీ ఉన్న సంబంధానికి గుర్తు.

దీని మీద పండితుల్లో రెండు పక్షాలు. మొదటి పక్షం దీన్ని కలుపుకోలుతనంగా చూస్తుంది. జర్మన్ పరిశోధకుడు గుంథర్ సోంథైమర్ నరసింహుడినీ మల్లన్ననూ అడవి, పశువులు, వేట చుట్టూ పెరిగిన జానపద దైవాలుగా పరిశీలించాడు. ఆ దారిలో వచ్చినవాళ్ల లెక్కలో పారువేట అంటే అడవికీ ఊరికీ, ఊరికీ అహోబిల మఠానికీ నడుమ ఏటా కొత్తగా కుదిరే ఒప్పందం. దేవుడు అల్లుడైతే అతని గుడిలో చెంచులకు హక్కు ఉంటుంది. శ్రీశైలంలోనూ ఇదే తీరు. చెంచులకు మల్లన్న తమ చెంచు మల్లయ్య. ఉగాదికి ఉత్తర కర్ణాటక నుంచి నడిచొచ్చే కన్నడిగులకు భ్రమరాంబ తమ ఇంటి ఆడపడుచు, అందుకే సారె తెస్తారు. ఆ పాదచారులకు ఆత్మకూరు దారుల్లో చలివేంద్రాలు పెట్టి, అన్నం వండి, బొబ్బలెక్కిన కాళ్లకు మందు రాసేది దారిలో ఉన్న ఊళ్లవాళ్లు.

రెండో పక్షం ఈ చుట్టరికాన్ని అనుమానంగా చూస్తుంది. పెళ్లి కథతో అడవి మనిషిని పెద్ద మతం తనలో కలిపేసుకుందని, అతనికి ఒక బాణం మర్యాద ఇచ్చి అధికారం మఠానికీ పెత్తందార్లకూ ఉంచిందని వీళ్ల వాదం. పల్లకీ ముందు ఎవరి వీధికి పోతుంది, ఎవరి వీధికి పోదు, తొలి మర్యాద ఎవరిది అన్న లెక్కలు కులాన్నీ ముఠానీ చెరపడం మాట అటుంచి వాటిని ఏటా పచ్చగా ఉంచుతాయని అంటారు. ఫ్యాక్షన్ చరిత్ర ఉన్న సీమలో ఈ మాటను తేలిగ్గా తోసెయ్యలేం. మర్యాద అంటే ఇక్కడ ప్రాణం మీదికి వచ్చే వ్యవహారం.

నాకు రెండో పక్షం నిజమే చెబుతోందనిపిస్తుంది, కానీ సగమే. చుట్టరికం వల్ల సమానత్వం రాదు. అది ఇచ్చేది అడిగే హక్కు. దానంగా పెట్టిన అన్నానికి తల వంచుకోవాలి, అత్తింటివాడిగా తినే అన్నానికి అక్కర్లేదు. చెంచులకు ఈ కథలో దక్కింది ఆ తల ఎత్తుకునే తావు. అది నేల మీది హక్కుగా మారిందా అంటే మారలేదు. నల్లమల పులుల అభయారణ్యంగా మారాక అడవిలో చెంచుల రాకపోకలకూ ఫలసాయానికీ కట్టడి వచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చేదాకా తమ సొంత నేల మీద వాళ్లు ఆక్రమణదారులే. పులికి ఆశ్రయమిచ్చిన గీతే మనిషికి ఆశ్రయం లేకుండా చేసింది.

గుడి ఎవరి చేతుల్లో ఉండాలన్న తగాదా దీనికి తోడు. అహోబిలం గుడి అహోబిల మఠంలో భాగమేనని, దానికి ప్రభుత్వం కార్యనిర్వహణాధికారిని నియమించడం చెల్లదని 2022 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పిచ్చింది. 2023 జనవరిలో సుప్రీంకోర్టు అందులో జోక్యం చేసుకోలేదు. వ్యాజ్యం సర్కారుకూ మఠానికీ మధ్య నడిచింది. పల్లకీ తిరిగే ముప్పై ఊళ్లు ఆ వ్యవహారంలో కక్షిదారులు కావు.

పీర్ల చావిడి

పారువేటకు జోడుగా చెప్పుకోవాల్సింది పీర్ల పండుగ. రాయలసీమలో ముస్లింల ఇల్లు ఒక్కటి కూడా లేని ఊళ్లలోనూ చావిడి తెరిచి పీర్లను నిలుపుతారు. కర్బలాలో 680లో అమరుడైన హుసేన్ కోసం ఇక్కడ రెడ్లూ బోయలూ మాదిగలూ దూదేకులవాళ్లూ గుండం చుట్టూ తిరుగుతారు. పంజాలకు రంగురంగుల బట్టలు చుట్టి, ఊదు పొగలో చక్కెర చదివింపులు చేయించి, మొక్కులు చెల్లిస్తారు. బనగానపల్లె ప్రాంతంలో పోతులూరి వీరబ్రహ్మం, ఆయన శిష్యుడు సిద్ధయ్య కథ వినని మనిషి ఉండడు. గురువు కంసాలి, శిష్యుడు దూదేకుల. ఈ నేలకు ఆ కలయిక కొత్త కాదు.

పరిశోధకుడు అఫ్సర్ మహమ్మద్ 2013లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురించిన తన పుస్తకంలో అనంతపురం జిల్లా గూగూడు కుళ్లాయిస్వామి ఉత్సవాన్ని లోతుగా చూశాడు. ఊరు తనకోసం తయారుచేసుకున్న స్థానిక ఇస్లాంకూ, అసలు ఇస్లాం ఇదీ అని బయటినుంచి వచ్చే బోధకూ మధ్య ఒత్తిడి ఎలా పనిచేస్తుందో అందులో ఉంది. నంద్యాల పల్లెలకూ ఆ పరిశీలన వర్తిస్తుంది. ఒకపక్క పీర్లు మతానికి విరుద్ధమనే ముస్లిం సంస్కర్తలు, మరోపక్క హిందువుకు చావిడితో పనేమిటనే కొత్త గొంతులు. రెండువైపుల నుంచీ అడుగుతున్నది ఒకటే: నువ్వు ఎవరివో ముందు తేల్చుకో. చావిడి మాత్రం ఆ ప్రశ్న అడగదు. ఏడవడానికి వచ్చినవాడిని ఏడవనిస్తుంది. శోకం పంచుకోవడానికి మతం చీటీ అడగని చోటు ఎంత విలువైనదో దాన్ని పోగొట్టుకున్న ఊళ్లను అడిగితే తెలుస్తుంది.

నిద్ర చేస్తే నయమవుతుందా?

గుడిలోనో దర్గాలోనో కొన్నాళ్లు నిద్ర చేస్తే మనసు జబ్బు తగ్గుతుందన్న నమ్మకం రాయలసీమ అంతటా ఉంది. వాదం మరీ వేడెక్కేది ఇక్కడే. వైద్యుల్లో ఎక్కువమంది దీన్ని మూఢనమ్మకం కింద కొట్టేస్తారు. వాళ్ల చేతిలో గట్టి ఆధారమే ఉంది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడి దర్గా దగ్గర పాకలో మంటలు లేచినప్పుడు, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది కదల్లేక కాలిపోయారు. ఆ తర్వాతే సుప్రీంకోర్టు కదిలింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మనిషిని గొలుసుతో కట్టడాన్ని నిషేధించింది.

అయితే రెండో ఆధారమూ ఉంది. బెంగళూరు వైద్యుడు రఘురాం, సహచరులు తమిళనాడులోని ముత్తుస్వామి గుడిలో ఉండడానికి వచ్చిన 31 మందిని గమనించి 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. సగటున ఆరు వారాలు అక్కడున్నాక వాళ్ల లక్షణాల తీవ్రత దాదాపు 20 శాతం తగ్గింది. అక్కడ ప్రత్యేకమైన క్రతువులేవీ లేవు. పొద్దున లేచి వాకిలి ఊడ్చడం, మొక్కలకు నీళ్లు పోయడం, పూజ వేళ కూర్చోవడం, ఎవరూ కసరకపోవడం, ఇంటివాళ్లలో ఒకరు పక్కన ఉండడం. అంతే. 31 మంది చిన్న సంఖ్య, పోల్చి చూడ్డానికి వేరే జట్టు లేదు. దాని మీద పెద్ద సిద్ధాంతం కట్టకూడదు. కానీ నయం చేసింది దైవమా మందా అన్న పాత తగవును పక్కనపెట్టి, అక్కడి దినచర్యను చూడమని ఆ అధ్యయనం నేర్పింది. గుజరాత్‌లోని మీరా దాతార్ దర్గాలో 'దవా-దువా' పేరుతో దర్గా ముజావర్లూ మానసిక వైద్యులూ కలిసి పనిచేయడానికి పూనుకున్నదీ ఈ ఆలోచనతోనే: ప్రార్థన ప్రార్థనే, మందు మందే, రోగి ఒక్కడే.

రెండు అవసరాలు ఒకే చోట తీరడం అంటే మహానంది కోనేరు గుర్తుకొస్తుంది. అడుగున నాణెం కూడా కనిపించేంత తేట నీరు ఊట నుంచి పుట్టి, మునిగినవాళ్లను తాకి, గుడి దాటి అరటి తోటలకూ వరిమళ్లకూ పారుతుంది. పుణ్యమూ సాగునీరూ ఒకే కాలువ. ఆ నీటిని అందరికీ కాపాడటం భక్తి విషయమో వ్యవసాయ విషయమో విడదీసి చెప్పలేం.

రాయి, విగ్రహం, దుమ్ము

ఆళ్లగడ్డ పేరు చెబితే తెలుగు దేశమంతా గుర్తొచ్చేవి రాతి విగ్రహాలు. ఇక్కడి శిల్పులు చెక్కిన దేవతామూర్తులు దూరదూరాల గుళ్లకు వెళ్లాయి. ఆళ్లగడ్డ శిల్పానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. రోడ్డు పక్క పాకల్లో సగం చెక్కిన హనుమంతుడు, పూర్తయిన సాయిబాబా, పక్కనే ధోవతి మడతలు ఇంకా తేలని ఒక నాయకుడు నిలబడి ఉంటారు. దేవుడికీ నాయకుడికీ ఉలి ఒకటే.

ప్రజాకళ అంటే ఏమిటన్న చర్చ ఈ పాకల నుంచే మొదలుకావాలి. కూడళ్లలో విగ్రహాలు పెరిగిపోతుంటే సుప్రీంకోర్టు 2013 జనవరి 18న రోడ్ల మీద, ప్రజలు తిరిగే చోట్ల కొత్త విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మరుసటి నెలలోనే ఆ మేరకు జీవో ఇచ్చింది. కోర్టు చూసింది రాకపోకల అడ్డంకిని. రాయలసీమలో అడగాల్సిన ప్రశ్న ఇంకా లోతైనది. ఒక వర్గం నాయకుడి విగ్రహం ఇంకో వర్గం వీధికి ఆశ్రయం అవుతుందా, హెచ్చరిక అవుతుందా? అంబేడ్కర్ విగ్రహం వాడలో నిలబడితే అది వాడకు ధైర్యం. అదే విగ్రహానికి ఊరి నడుమ చోటు ఇవ్వరంటే ఊరి సంగతి తెలిసిపోతుంది. ఒకే రాయి చోటునుబట్టి అర్థం మారుతుంది.

దీనికి భిన్నమైన నమూనాలు రెండు ఈ జిల్లాలోనే ఉన్నాయి. ఒకటి శ్రీశైలం ప్రాకారం. విజయనగర కాలపు ఆ గోడ బయటివైపంతా వరసలు వరసలుగా బొమ్మలు: ఏనుగులు, వేట, యుద్ధం, శివకథలు, ఆసనాల్లో సిద్ధులు. ఆ సిద్ధుల మూర్తులను కళాచరిత్రకారుడు రాబ్ లిన్రోత్ 2006లో విశదంగా పరిశీలించాడు. పరిశోధకులు బొమ్మల గుర్తింపు మీద పెట్టిన శ్రద్ధ ఒక మామూలు సంగతి మీద పెట్టలేదు. ఆ బొమ్మలు గోడకు బయట ఉన్నాయి. లోపలికి పోగలిగినవాడూ పోలేనివాడూ వాటిని ఒకేలా చూశారు. రెండోది నల్లకాలువ దగ్గరి స్మృతివనం. 2009 సెప్టెంబరు 2న పావురాలగుట్టలో హెలికాప్టర్ కూలి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి చనిపోయాక ఆయన స్మృతికి అక్కడ పెంచింది ఒక తోట. రాజకీయంగా ఎవరి అభిప్రాయం ఏదైనా, దుఃఖానికి గుర్తుగా నీడనిచ్చే చెట్లను ఎంచుకోవడం మెచ్చుకోవాల్సిన నిర్ణయం.

ఇక దుమ్ము సంగతి. ఉలి సుత్తి మాత్రమే ఉన్న రోజుల్లో రాయి పెచ్చులుగా రాలేది. కట్టర్లు, గ్రైండర్లు వచ్చాక పని వేగం పెరిగింది, రాయి పొడిగా లేస్తోంది. ఆ పొడిలోని సిలికా కంటికి కనిపించనంత సన్నం. మొహానికి కట్టుకున్న తువ్వాలు దాన్ని ఆపదు. ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల్లో పేరుకుంటే సిలికోసిస్ వస్తుంది, వచ్చాక పోయే జబ్బు కాదది. బేతంచెర్ల నాపరాయి పాలిష్ పనిలోనూ ఇదే ప్రమాదం. బ్లేడు మీద నీళ్లు పడేలా చేస్తే దుమ్ము చాలావరకు అణుగుతుంది, సరైన మాస్కు మిగతాది ఆపుతుంది. ఖర్చు పెద్దది కాదు. కానీ నలుగురైదుగురు పనిచేసే పాక చట్టం దృష్టిలో ఫ్యాక్టరీ లెక్కలోకి రాదు. రాజస్థాన్ 2019లో సిలికోసిస్ బాధితుల కోసం ప్రత్యేక విధానమే తెచ్చింది. పదిమందికి ఊరటనిచ్చే మూర్తిని చెక్కినవాడి ఊపిరిని పట్టించుకోని కళాచర్చ నా లెక్కలో అసంపూర్ణం.

బయటి ప్రపంచపు కొలతలు

ప్రపంచ కళారంగం ఈ ప్రశ్నకు వేరే దారిలో వచ్చింది. థాయ్ కళాకారుడు రిర్‌క్రిత్ తిరవనీజ 1992లో న్యూయార్క్ గ్యాలరీలో కూర వండి వచ్చినవాళ్లకు ఊరికే వడ్డించాడు. ఆ వడ్డనే కళ అన్నాడు. ఫ్రెంచ్ విమర్శకుడు నికొలా బూరియో 1998లో ఇటువంటి ప్రయోగాల మీద సిద్ధాంతం కట్టాడు: కళాకారుడు చేసేది వస్తువును కాదు, మనుషుల మధ్య సంబంధాన్ని. విమర్శకురాలు క్లెయిర్ బిషప్ 2004లో ఎదురు ప్రశ్న వేసింది. ఆ గ్యాలరీకి వచ్చి తిన్నదెవరు, ముందే ఒకరినొకరు ఎరిగినవాళ్లే కదా, విభేదానికి చోటులేని కలయిక ప్రజాస్వామికం ఎలా అవుతుంది అని. పారువేట మీద మన రెండు పక్షాల వాదమే ఇది. అన్నదానాలు తరాలుగా చూసిన మనకు వడ్డన కళ అంటే ఆశ్చర్యం కలగదు, పంక్తిలో ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టారన్న బిషప్ ప్రశ్న మాత్రం సూటిగా తగులుతుంది.

నాకు వీళ్లిద్దరికంటే అమెరికన్ కళాకారిణి మియెర్లె ఉకెలెస్ దగ్గరగా అనిపిస్తుంది. ఊడ్చడం, కడగడం, బాగుచేయడం కూడా కళేనని ఆమె 1969లో ప్రకటించింది. 1979-80లో న్యూయార్క్ పారిశుద్ధ్య కార్మికులు 8,500 మందితో ఒక్కొక్కరి చేయీ కలిపి ధన్యవాదాలు చెప్పింది. తిరునాళ్ల ముగిసిన మర్నాడు విస్తరాకులు ఏరే చేతులను మన ఉత్సవ చరిత్రల్లో వెతికితే కనిపించవు.

ఎవరి కొలబద్ద ఏది

పక్కపక్కన పెట్టి చూస్తే తేడాలు తేటపడతాయి. భక్తి, జానపద పక్షం కూడిక రోజును కొలుస్తుంది. ఎంతమంది కలిశారు, ఏ గోడలు ఆ రోజుకు కూలాయి అని. విమర్శ పక్షం మర్యాదల వరసను కొలుస్తుంది. వైద్య పక్షం రోగి మీద ఫలితాన్ని చూస్తుంది, ఆ రోగి ఏ మనుషుల మధ్య బతుకుతున్నాడన్నది తరచు వదిలేస్తుంది. హక్కుల పక్షం అన్నిటినీ రాజ్యం బాధ్యత దగ్గరికే తెస్తుంది. ఐదు రూపాయల అన్న క్యాంటీన్లు 2018లో మొదలై, 2019లో మూతపడి, 2024 ఆగస్టులో మళ్లీ తెరుచుకున్న తీరు ఆ పక్షానికి బలమూ ఇస్తుంది, బలహీనతనూ బయటపెడుతుంది. అన్నం హక్కుగా రావాలన్నది నిజమే. ప్రభుత్వం మారగానే ఆగిపోయే అన్నం ఇంకా హక్కు కాలేదన్నదీ నిజమే. పారువేట ఏ ప్రభుత్వం మారినా ఆగలేదు, కానీ అది పెట్టే అన్నం ఏడాదికి ఒక్క పూట.

నా మొగ్గు దాచను. కూడిక రోజున కలిగే అనుభూతి కంటే మిగతా రోజుల సంరక్షణే సరైన కొలత. తిన్నె మీద ఎవరైనా కూర్చోవచ్చా, కోనేటి నీరు ఎవరి పొలం దాకా పోతోంది, చావిడికి సున్నం వేసేది ఎవరు, శిల్పి దగ్గుకు వైద్యం ఎక్కడ అన్నవి అడిగితే పైన చెప్పిన పక్షాలన్నీ ఒకే బల్ల దగ్గరికి రాక తప్పదు.

ఇంకా తేలనివి

ఫ్యాక్షన్‌లో చనిపోయినవాళ్ల స్మృతి మొదటిది. నాయకులకు విగ్రహాలున్నాయి. రెండువైపులా కూలికో, నమ్మకానికో, భయానికో పోయి చచ్చిన అనుచరులకూ వాళ్ల భార్యలకూ కలిపి ఒక గుర్తు ఉండాలా? అటువంటి గుర్తు గాయాన్ని మాన్పుతుందని కొందరు, కెలుకుతుందని కొందరు అంటారు. అమెరికాలో ఎయిడ్స్‌తో చనిపోయినవాళ్ల పేర్లు కుట్టిన బొంతను 1987లో వాషింగ్టన్‌లో పరిచారు. అక్కడ ఆ పేర్లను కుట్టింది పోగొట్టుకున్నవాళ్లే. ఇక్కడ పేర్లు ఎవరు చెప్పాలన్న దగ్గరే ఆగిపోతున్నాం.

రెండోది పారువేటకు యునెస్కో గుర్తింపు తేవాలన్న ప్రయత్నం. 2021లో కలకత్తా దుర్గాపూజకు, 2023లో గుజరాత్ గర్బాకు ఆ గుర్తింపు వచ్చాక ఇక్కడా ఆశ పెరిగింది. వస్తే రోడ్లు, బసలు, పరిశోధన రావచ్చు. పల్లకీ రాకను ఊరి వీలునుబట్టి కాక పర్యాటకుల వీలునుబట్టి నడపాల్సిన ఒత్తిడీ రావచ్చు. 2003 నాటి యునెస్కో ఒప్పందం కింద ప్రతిపాదన పంపాలంటే ఆ సంప్రదాయాన్ని మోస్తున్న సమూహాలు ముందుగా, తెలిసి, ఇష్టపడి ఒప్పుకున్నట్టు ఆధారం చూపాలి. ఈ షరతు మంచిది, చిక్కు కూడా అందులోనే ఉంది. మఠం సంతకం చేయగలదు, ప్రభుత్వ శాఖ చేయగలదు. ముప్పైకి పైచిలుకు ఊళ్ల తరఫున ఎవరు చేస్తారు? పంచాయతీ సర్పంచా, పల్లకీ మోసే బోయీలా? విల్లు ఎక్కుపెట్టే చెంచుల ఒప్పుకోలు గూడెంలో కూర్చుని వాళ్ల మాటల్లో తీసుకుంటారా, ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) కార్యాలయంలో కాగితం మీదా? ఆ రోజు ఇంటింటా వండి వడ్డించే ఆడవాళ్లను అసలు అడుగుతారా? ప్రతిపాదన పత్రాల్లో ఈ ప్రశ్నలకు ఏం రాస్తారో చూడాలి.